సూదికీ ఒక గూడు

మద్రాసు సౌకార్‌పేట పాత ఇళ్లకు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. వీధిలో నిలబడి చూస్తే అరుగు, తలుపు, ఒక కిటికీ కనిపిస్తాయి. తలుపు దాటితే నడవ, నడవ దాటితే మండువా, దాని చుట్టూ వసారా, ఆ వెనక వంటిల్లు, ఇంకా వెనక బావి, దొడ్డి. ఇరుపక్కలా ఉన్నవి పక్కిళ్లతో ఉమ్మడి గోడలు కనక వాటికి కిటికీలు పెట్టడానికి లేదు. గాలైనా వెలుతురైనా మండువాలోంచి దిగాల్సిందే. తంగసాల వీధి, గోవిందప్ప నాయకన్ వీధి, అణ్ణాపిళ్ళై వీధి, వాటిని కలిపే సందులు, అన్నిచోట్లా ఇదే కట్టుబడి. పొట్టి శ్రీరాములు 1901లో పుట్టింది ఆ అణ్ణాపిళ్ళై వీధిలోనే. ఆర్యవైశ్యులు, బేరిశెట్లు, వాళ్ల పక్కనే మార్వాడీలు, గుజరాతీలు, ఎవరి వ్యాపారం వాళ్లది, ఎవరి వంట వాళ్లది. ఒక్కో ఇంట్లో నాలుగైదు కుటుంబాలు వాటాలు వేసుకుని కాపురముండేవి.

మాది కింది వాటా. ఒక పొడుగాటి గది, వసారాలో కొంత భాగం, వంటిల్లు. అందులో తాత, అవ్వ, నైనా, అమ్మ, మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన మేనత్త, మేం పిల్లలం. నైనా గోడౌన్ వీధిలో ఒక బట్టల కొట్టులో గుమాస్తా. 1950లు, 60ల మాట ఇది. ఇప్పుడు తలచుకుంటే నాకు ఆశ్చర్యం వేసేది ఆ ఇంటి ఇరుకు కాదు. అంత ఇరుకులోనూ మేం దేనికీ వెతుక్కోకపోవడం. సూది కావాలన్నా, పిల్లాడికి మొలతాడు కావాలన్నా, పంటినొప్పికి లవంగం కావాలన్నా, కరెంటు పోయిన అర్ధరాత్రి కూడా చెయ్యి చాపితే దొరికేవి. చిన్న వస్తువును ఎక్కడ పెట్టాలి, దేంట్లో పెట్టాలి, ఎవరి చేతికి అందేలా పెట్టాలి, ఎవరికి అందకుండా పెట్టాలి అన్నది ఒక విద్య. మా అవ్వ తరం ఆడవాళ్లకు అది క్షుణ్ణంగా తెలుసు. అది విద్యేనని గుర్తించినవాళ్లు మాత్రం ఇంట్లో ఎవరూ లేరు. ఆ ఇళ్లతో పాటే అదీ పోయింది.

మొదట గోడల సంగతి చెప్పాలి. సున్నమూ ఇటుకా పెట్టి కట్టిన ఆ గోడలు మూరెడు మందం ఉండేవి. మందం ఉంది కనకే గూళ్లు వచ్చాయి. గదిలో గూళ్లు, వసారాలో గూళ్లు, మేడ మెట్ల పక్కన కూడా ఒక గూడు. వీధి తలుపు పక్క గూట్లో తాళంచెవి, చేతికర్ర వేలాడదీసే మేకు, రాత్రిళ్లు దొడ్లోకి వెళ్లడానికి లాంతరు. దీపపు గూట్లో కుంది, వత్తులు, నూనె గిన్నె, అగ్గిపెట్టె. తాత గూట్లో నశ్యం డబ్బా, కళ్లజోడు, దారం కట్టిన పంచాంగం. అమ్మ గూట్లో దువ్వెన, ఈరుబాను, సవరం, కాటుక భరిణె, చిన్న అద్దం. దువ్వెనకు చిక్కిన వెంట్రుకల్ని ఉండచుట్టి పడేసేవారు కాదు. సవరం కట్టించడానికి ఒక గుడ్డసంచిలో దాచేవారు. ఆ సంచి అమ్మ గూట్లోనే వెనక మూలకు ఉండేది. గూళ్లకు తలుపులు లేవు. ఐనా ఒకరి గూట్లో ఇంకొకరు చెయ్యి పెట్టేవారు కాదు. పిల్లలం కూడా.

మేనత్త గూడు వసారాలో, బావి వైపు ఉండేది. ఆమెకు ఆ ఇంట్లో గది లేదు, మంచం లేదు. ఒక రేకు పెట్టె, ఆ గూడు, అంతే ఆమె ఆస్తి. గూట్లో విభూతి పండు, తులసి పూసల దండ, రాగి చెంబు, ఒక జాజికాయ, కాగితం పొట్లంలో కాసిని కర్పూరం బిళ్లలు. రేకు పెట్టెలో రెండు చీరలు, ఒక శాలువా, అడుగున ఎర్రటి పట్టుగుడ్డ ముక్కలో చుట్టిన వస్తువేదో ఉండేది. అదేమిటో మేం ఎవరం అడగలేదు, ఆమె చెప్పలేదు. నెలకోసారి పెట్టెలోవన్నీ తీసి, మడతలు మార్చి, వేపాకు కొత్తది వేసి, మళ్లీ అలాగే సర్దేది. ఇంటిల్లిపాది మీదా అధికారం చెల్లించే మా అవ్వ కూడా ఆ గూటి జోలికి, ఆ పెట్టె జోలికి ఎప్పుడూ వెళ్లలేదు. అది మర్యాద. కానీ ఒక మనిషికి ఇంట్లో ఇచ్చిన చోటు అంతేనన్నది కూడా నిజమే. పాత ఇళ్లను పొగిడేటప్పుడు ఈ రెండోది మరిచిపోకూడదని నా పట్టుదల.

గూళ్ల తర్వాత చిలక్కొయ్యలు. తాత చొక్కా, గొడుగు, మా బడి సంచులు వాటికే. ఒక కొయ్యకు ఎప్పుడూ పసుపు సంచి వేలాడుతూ ఉండేది. పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇచ్చేవారే, బట్టల కొట్లలోనూ ఇచ్చేవారు, ఆ మద్రాసు పసుపు గుడ్డసంచి. మా ఇంట్లో ఆ సంచి అంటే దస్తావేజుల బీరువా. రేషన్ కార్డు, అద్దె రసీదులు, పిల్లల పుట్టిన తేదీలు రాసిన కాగితం, జాతకాలు, అన్నీ అందులోనే. ఇల్లు తగలబడితే ముందు ఆ సంచి పట్టుకుని బయటికి పరుగెత్తాలని పిల్లలందరికీ చెప్పి ఉంచారు.

ఉత్తరాలకు వేరే ఏర్పాటు. కింద గుండ్రటి చెక్క బిళ్ల, దానికి గుచ్చిన ఇనప తీగ, తీగ పైకొన కొక్కెంలా వంచి ఉంటుంది. వచ్చిన కార్డు చదవడం, తీగకు గుచ్చడం. నెల్లూరు నుంచి, గూడూరు నుంచి, కాళహస్తి నుంచి వచ్చిన కార్డులన్నీ వచ్చిన వరసలో ఉండేవి. ఎవరి పెళ్లి ఎప్పుడు కుదిరింది, ఎవరు ఎంత అప్పు అడిగారు అని మాట వస్తే తాత తీగ దించి, కార్డులు పైకి జరుపుతూ సరిగ్గా ఆ ఏడాది దగ్గర ఆపేవాడు. కొట్లలో బిల్లులకూ ఇదే తీగ. మద్రాసు వర్తకులు చిట్టా, ఆవర్జా ఎంత భద్రంగా చూసుకునేవారో ఈ తీగనీ అంతే భద్రంగా చూసుకునేవారు. పంచాయితీ వచ్చినప్పుడు సాక్ష్యం చెప్పేది అదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు మా ఎరికలో ఉన్న ఉద్యోగస్థుల కుటుంబాలు కొన్ని సామాన్లు కట్టుకుని వెళ్లిపోయాయట. పెద్ద సామాను అమ్ముకుని, జాడీలు చుట్టాలకిచ్చి, పెట్టెలతో పాటు ఉత్తరాల తీగలు మాత్రం చేత్తో పట్టుకుని రైలెక్కారని అవ్వ చెప్పేది.

దేవుడి పటాల వెనక చోటును కూడా ఖాళీగా ఉంచేవారు కాదు. పటం పైభాగం గోడకు ఎడంగా, కిందిభాగం ఆనించి వాలుగా కట్టేవారు. ఆ సందులో నెమలీక, నిరుటి పంచాంగం, తిరుపతి నుంచి తెచ్చిన ప్రసాదం పొట్లం, ఒక్కోసారి అవ్వ దాచిన రెండు రూపాయల నోటు. పైన దూలం నుంచి రెండు తాళ్లతో వేలాడే వెదురు దండెం మీద మడిబట్టలు. వాటిని చేత్తో ముట్టుకోకుండా వేయడానికీ తీయడానికీ ఒక పొడుగు కర్ర, ఆ కర్రకు మూలలో దాని చోటు. ఇలా చూసుకుంటే ఆ గదిలో నేల మీద ఉన్నవి తక్కువ. అన్నీ గోడలోనో, గోడ మీదో, గాలిలోనో ఉండేవి. రాత్రి చాపలు పరిస్తే అందరం పడుకోవడానికి చోటు దొరికేది అందువల్లే.

ఇక వంటిల్లు. పొయ్యికి కుడిచేతి వైపు అంజర పెట్టె. దాన్ని పోపుల పెట్టె అనేవారు కొందరు, మా ఇంట్లో అంజర పెట్టే. నల్లబడ్డ టేకు చెక్క, లోపల ఐదు అరలు, పైన పక్కకు జరిగే మూత. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, మిరియాలు ఎవరి అరలో అవి. ఇంగువ ముక్కకు చిన్న రేకు డబ్బా, ఆ డబ్బా పెట్టెలో కాదు, పక్కన. ఇంగువ వాసన అన్నిటికీ పట్టేస్తుందని. చెక్క చేసే మేలు ఇప్పుడు అర్థమవుతుంది. సముద్రం దగ్గరున్న ఊళ్లో గాలిలోనే తడి ఉంటుంది. ఆ తడిలో కొంత చెక్క పీల్చుకుని గింజను పొడిగా ఉంచుతుంది. స్టీలు ఆ పని చేయలేదు.

మా మేడ మీది వాటాలో ఒక మార్వాడీ కుటుంబం ఉండేది. ఆ ఇల్లాలిని మేం సేటమ్మ అని పిలిచేవాళ్లం. ఆమె దగ్గర గుండ్రటి పెట్టె, లోపల ఏడు చిన్న గిన్నెలు, మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. మా పెట్టెలో గింజలు, ఆమె పెట్టెలో పొడులు. మా పోపు నూనెలో మొదలవుతుంది కనక గింజలు కావాలి, వాళ్ల కూర పసుపు, ధనియాల పొడి, మిరప్పొడితో మొదలవుతుంది కనక పొడులు కావాలి. రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండు వంటలూ తెలిసిపోయేవి. ఆమె పుట్టింటి నుంచి కేర్, సాంగ్రీ అనే ఎండు కూరలు గుడ్డసంచుల్లో వచ్చేవి. ఎడారిలో ఏళ్ల తరబడి నిలవ ఉండే ఆ ఎండు కాయలు మద్రాసు గాలికి మెత్తబడేవి. ఆమె వాటిని మిద్దె మీద మళ్లీ ఎండబెట్టేది. పక్కన మా అవ్వ అప్పడాలు, వడియాలు. ఎండబెట్టినవి డబ్బాలోకి ఎప్పుడు ఎత్తాలన్నది అవ్వే ఆమెకు నేర్పింది: వేడిగా ఉన్నప్పుడు ఎత్తకూడదు, నీడలో చల్లారాక ఎత్తాలి, సాయంత్రపు సముద్రపు గాలి తిరగకముందే ఎత్తాలి.

చదువు రాని అవ్వకు డబ్బాల మీద పేర్లు అక్కర్లేదు. హార్లిక్స్ సీసాల మెడకు దారాలు కట్టేది. ఎర్రదారం మిరప్పొడి, పచ్చదారం ధనియాల పొడి, తెల్లదారం బియ్యప్పిండి, పాత రవికె అంచు పేలిక కట్టింది శొంఠిపొడి. రేకు డబ్బాలైతే చెవి దగ్గర ఊపి చెప్పేది. ఆవాలు సన్నగా జలజలమంటాయి, మెంతులు గరగరమంటాయి, శనగపప్పు బరువుగా దొర్లుతుంది. చూపు తగ్గిన తర్వాత కూడా ఆమె వంట ఆగకపోవడానికి కారణం ఇదే. "కళ్లతో పెట్టుకున్నది కళ్లు పోతే పోతాది పాపా, చేత్తో పెట్టుకున్నది చెయ్యి ఉన్నంతకాలం ఉంటాది" అనేది.

చీమలు, పురుగులు, తడి. ఈ మూడింటితో ఆ ఇళ్ల ఆడవాళ్లు చేసిన పోరాటం గురించి ఎంత చెప్పినా తక్కువే. పాలూ పెరుగూ ఉంచే జాలీ బీరువా నాలుగు కాళ్ల కిందా నాలుగు నీళ్ల గిన్నెలు. చక్కెర డబ్బాలో నాలుగు లవంగాలు. కందిపప్పుకు ఆముదం పట్టించి ఎండబెట్టి ఎత్తడం. బియ్యంలో వేపాకు, ఎండుమిరపకాయలు. ఉప్పుకు రాతిచిప్ప గానీ జాడీ గానీ, లోహం పనికిరాదు. ఆవకాయ జాడీ మూతి మీద మూత పెట్టి ఊరుకోకుండా పైన పాత పంచె ముక్కతో వాసెన కట్టేవారు. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో వానలు పట్టుకుంటే అగ్గిపుల్లలు మెత్తబడి గీస్తే తల రాలిపోయేవి. అందుకని ఆ రెండు నెలలూ అగ్గిపెట్టె దీపపు గూట్లోంచి పొయ్యి మీది గూట్లోకి మారేది. వానలు వెలిశాక మళ్లీ పాత చోటికి. ఆ మార్పు ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

డబ్బాలు కొనుక్కోవడం అనేదే ఉండేది కాదు. తిన్న వస్తువే డబ్బా ఇచ్చేది. డాల్డా 1937లో మన దేశంలోకి వచ్చింది. ఖర్జూరం చెట్టు బొమ్మ ఉన్న ఆ పసుపు డబ్బా ఖాళీ అవగానే సీకాయపొడి, బట్టల సబ్బు, మేకులు, చివరికి మిద్దె మీద తులసి మొక్క. కుటికురా పౌడరు డబ్బా చిల్లులు పెద్దవి చేస్తే ముగ్గుపిండి చల్లే డబ్బా. కిరసనాయిలు డబ్బాను రేకు మేస్త్రీకి ఇస్తే పైభాగం కోసి, అంచు మడిచి, మూత పెట్టి ఇచ్చేవాడు. అందులో బియ్యం. మిగిలిన రేకు ముక్కతో ఒక గరాటు, ఒక చేట మూల అతుకు. పొట్లాలకు చుట్టి వచ్చిన పురికొస, దారం ఏ రోజుకారోజు ఉండకు చుట్టేది మేనత్త. పొట్లం కాగితాన్ని మా తాత సాపు చేసి అరల్లో పరిచేవాడు. ఆంధ్రపత్రిక కాగితం గూట్లో పరిచి ఉంటే, డబ్బా జరిపి పాత వార్త చదవడం మా పిల్లల సరదా. నాకు చదవడం బాగా పట్టుబడింది అలాగే.

ఆ పత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు గారి అమృతాంజనం సీసా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1893లో బొంబాయిలో మొదలైన ఆ పచ్చటి మందు మద్రాసు తెలుగింట లేకుండా ఉండేది కాదు. బొటనవేలంత గాజు సీసా, రేకు మూత. మందు అయిపోయాక వేణ్నీళ్లలో ఉడకబెట్టి వాసన పోగొడితే దాని విలువ అప్పుడు మొదలయ్యేది. ముక్కుపుడక మర, తెగిన గొలుసు కొక్కెం, పసిపిల్ల మొదటి పాలపన్ను, నల్లపూసలు, తులసి విత్తనాలు. గింజంత వస్తువుకు గింజంత సీసా. పెద్ద డబ్బాలో చిన్న వస్తువు వేయకూడదని, వేస్తే అది పోయినట్టేనని అవ్వ నియమం.

అగ్గిపెట్టెలు మా పిల్లల భాగం. తిరువొత్తియూరులో విమ్కో వాళ్ల ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పటికీ ఆ పేటకు, రైల్వే స్టేషనుకు ఆ పేరే ఉంది. అప్పటి అగ్గిపెట్టెలు అట్టవి కావు, పల్చటి చెక్కతో చేసినవి. ఖాళీ పెట్టెలు పన్నెండు తెచ్చి, నాలుగేసి చొప్పున మూడు వరసలు పేర్చి, మైదా ఉడికించిన జిగురుతో అంటించి, పైన రంగుకాగితం చుట్టి, ఒక్కో అరకు చొక్కా గుండీ కుట్టి పిడిలా పెడితే పన్నెండు సొరుగుల బీరువా తయారు. నైనా కొట్టు నుంచి మిల్లు బట్టల మీది రంగురంగుల టికెట్లు తెచ్చేవాడు. లక్ష్మి, సరస్వతి, ఏనుగు. ఆ కాగితాలతో మా బీరువాకు అలంకారం. అందులో సూదులు ఒక సొరుగు, పిన్నీసులు ఒకటి, స్టాంపులు ఒకటి, గాజుముక్కలు ఒకటి. బట్టల తాను చుట్టి వచ్చే చెక్క పలకలు కూడా నైనా తెచ్చేవాడు. రెండు మేకుల మీద పలక పెడితే అర.

తాత వయసులో ఉండగా కొత్తవాల్ చావిడి దగ్గర చింతపండు, మిరపకాయల అంగడి పెట్టాడు. అంగడి ఎత్తేశాక గల్లాపెట్టె ఇంటికి వచ్చింది. వాలు మూత, లోపల గిన్నెల్లా తొలిచిన గుంటలు: అర్ధరూపాయికి ఒకటి, పావలాకు ఒకటి, బేడకు, అణాకు, కాణీకి. 1957 ఏప్రిల్ 1న కొత్త పైసలు వచ్చాయి. కొన్నేళ్లు పాత నాణేలూ కొత్తవీ కలిసి తిరిగాయి, తర్వాత పాతవి కనబడకుండా పోయాయి. అప్పుడు అవ్వ ఆ పెట్టెను అడిగి తీసుకుంది. అణా గుంటలో గుండీలు, బేడ గుంటలో హుక్కులు, కాణీ గుంటలో టిచ్ బటన్లు, అడుగు అరలో దారపు రీళ్లు, కత్తెర. ఆ వసారాలో కుట్టుపని కావలసిన ఆడవాళ్లందరూ, సేటమ్మతో సహా, ఆ పెట్టె దగ్గరికే వచ్చేవారు. ఇంట్లో ప్రతి వాటాకూ ఒక సుత్తి, ఒక కొలత టేపు అక్కర్లేదు. సుత్తి ఎదురు వాటాలో, తక్కెడ సేటమ్మ దగ్గర, కుట్టుసామాను మా దగ్గర. ఏది ఎవరింట్లో ఉందో అందరికీ తెలుసు.

పసిపిల్లలకు అరగదీసి పోసే దినుసుల పెట్టె కూడా అలాగే ఉమ్మడి. వస, కరక్కాయ, జాజికాయ, మాచికాయ, శొంఠి. కందకోట్టం గుడి ఉన్న రాసప్పచెట్టి వీధిలో నాటుమందుల అంగళ్ల నుంచి తెచ్చి, ఉడికించి, ఎండబెట్టి, చిన్న ఇత్తడి పెట్టెలో సానరాయితో పాటు పెట్టేవారు. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా, ఏ భాష వాళ్ల బిడ్డైనా, ఆ పెట్టె లోంచి అరగదీసిందే తాగింది.

దసరాకు ఈ డబ్బాలన్నిటికీ వేరే కొలువు. బొమ్మల కొలువుకు మెట్లు కావాలి. భోషాణం అన్నిటికంటే పై మెట్టయ్యేది, దాని ముందు రేకు పెట్టెలు, ఆ ముందు బియ్యం డబ్బాలు, ఆ ముందు డాల్డా డబ్బాల మీద నైనా తెచ్చిన పలకలు. పైన తెల్ల పంచె పరిస్తే కింద ఏమున్నదీ కనిపించదు. మేనత్త రేకు పెట్టె కూడా ఆ మెట్లలో ఒకటయ్యేది. ఆమే స్వయంగా మోసుకొచ్చి పెట్టేది. అటక మీది కొయ్యపెట్టె లోంచి బొమ్మలు దిగేవి. ఒక్కోదానికి పాతగుడ్డ చుట్టి, మధ్యలో గడ్డి కూరి, బరువువి కింద, మట్టి పక్షులు పైన సర్ది ఉండేవి. పెట్టెలో ఏ బొమ్మ ఏ మూల ఉండాలో అవ్వకు తెలుసు. తొమ్మిది రోజులయ్యాక అదే గుడ్డ, అదే మూల. అవ్వ బతికి ఉన్నంతకాలం ఒక్క బొమ్మ చెయ్యి విరగలేదు.

తాళాల గుత్తి మాట కూడా చెప్పాలి. అవ్వ రొండిన ఎప్పుడూ గుత్తి ఉండేది. ఊరగాయల అర, చక్కెర డబ్బా, భోషాణం, మూడింటికీ తాళాలే. మా అమ్మ ఆ ఇంటికి కోడలై వచ్చి పిల్లల్ని కన్నాక కూడా ఒక గరిటెడు ఆవకాయకు అత్తగారిని అడగాల్సి వచ్చేది. అడిగితే లేదనేది కాదు అవ్వ, కానీ అడగాల్సిందే. అమ్మ కొంగు చివర ముడిలో చిల్లర డబ్బులు దాచుకునేది. అదే ఆమె సొంత పెట్టె. అవ్వ పోయిన తర్వాత గుత్తి అమ్మ చేతికి వచ్చింది. ఆమె చేసిన మొదటి పని ఊరగాయల అర తాళం తీసి, తాళాన్ని అటక మీద పడేయడం. నాకు మా అమ్మ మీద గౌరవం పెరిగిన రోజుల్లో అదొకటి.

అమ్మ కాలంలోనే మార్పు మొదలైంది. ఇత్తడి పోయి ఎవర్‌సిల్వర్ వచ్చింది. జరీ చీరలు వేసి స్టీలు డబ్బాలు తీసుకునేవారు, వాటి మీద పేరు చెక్కించేవారు. ఒకే కొలత డబ్బాలు వరసగా పేర్చితే చూడ్డానికి బాగుండేది, దాంతో దారాలు పోయాయి. తర్వాత ప్లాస్టిక్. సరుకులు ముద్ర వేసిన ప్యాకెట్లలో రావడం మొదలయ్యాక పొట్లం కాగితమూ లేదు, పురికొసా లేదు, ఖాళీ డబ్బా అంతకంటే లేదు. 1996లో కొత్తవాల్ చావిడి కూరగాయల మార్కెట్టు కోయంబేడుకు తరలిపోయింది. చావిడితో ముడిపడ్డ కుటుంబాలు కీల్పాకం, అణ్ణానగర్ వైపు సర్దుకున్నాయి. పాత ఇళ్ల యజమానులు అమ్ముకున్నారు. మేమున్న ఇల్లూ అమ్ముడుపోయింది. టేకు దూలాలను పాతకలప వ్యాపారులు పట్టుకుపోయారు. గూళ్లున్న గోడలు మట్టిలో కలిశాయి. ఆ చోట ఇప్పుడు లిఫ్టున్న గోదాము ఉంది.

కొత్త ఫ్లాట్లలో గోడ నాలుగున్నర అంగుళాలు. దాంట్లో గూడు తొలవడానికి లేదు. చెక్క బీరువాలు గోడ నిండా చేయించుకుంటున్నాం, పారదర్శకంగా ఉండే పెట్టెలు డజన్ల లెక్కన కొంటున్నాం. ఐనా సూది కావాలంటే కొత్తది కొనుక్కోవడమే తేలికని మా కోడలు అంటుంది. ఆమె మాటలో తప్పు లేదు. ఆమె ఉద్యోగానికి వెళ్తుంది, సర్దే పని మొత్తం ఒక్క మనిషి నెత్తిన వేసే రోజులు పోవడం మంచిదే. ఐతే ఇంట్లో ఏది ఎక్కడ ఉందో ఒక్కరికీ తెలియకపోవడం మాత్రం కొత్త కష్టమే. పాత పద్ధతిలో గొప్పతనం పెట్టెల్లో లేదు. ఒక చోటు నిర్ణయించి, దాన్ని ఇంటిల్లిపాదికీ, పక్క వాటా వాళ్లకూ తెలిసేలా చేసి, అందరూ దానికి కట్టుబడటంలో ఉంది. అది కొంటే రాదు.

తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పడేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు. 2021 డిసెంబరులో ప్రభుత్వమే మళ్లీ పసుపు సంచి వాడమని ప్రచారం మొదలుపెట్టింది. మా చిలక్కొయ్యకు వేలాడిన సంచి ప్రభుత్వ పథకమై తిరిగి వచ్చినందుకు నాకు నిజంగా సంతోషం. ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్రలో దక్షిణాది పాత ఇళ్లను ఊడదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మనవల్ని తీసుకెళ్లి చూపించదగ్గ చోటు. కానీ అక్కడ కూడా గూడు కనిపిస్తుంది, ఆ గూట్లో ఏది ఎందుకు పెట్టేవారో చెప్పే మనిషి ఉండదు.

ఆ మనుషులు ఇంకా కొందరు మన ఇళ్లలో ఉన్నారు. ఎనభై దాటిన అవ్వ గానీ అత్తగారు గానీ మీ ఇంట్లో ఉంటే ఒక మధ్యాహ్నం పక్కన కూర్చోండి. పుట్టింట్లో ఎన్ని గూళ్లుండేవో, ఏ గూట్లో ఏముండేదో, ఏ సీసాకు ఏ దారమో అడగండి. గది బొమ్మ గీసి ఆమె చేతే గుర్తులు పెట్టించండి. ఎందుకలా పెట్టేవారో కూడా రాసుకోండి, కారణం చెప్పకుండా రాసింది సగమే. అటక మీద అంజర పెట్టె ఉంటే దించి, కడిగి, నీడలో ఆరబెట్టి, ఐదు అరల్లోనూ గింజలు పోసి పొయ్యి పక్కన పెట్టి వాడండి. రాసుకున్న పుస్తకం మొదటి పేజీలో, చెప్పినామె పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాయండి.